వాసన లేని నడుము

పొద్దున తొమ్మిది కొట్టేలోపు సలోమి ఆ గది తలుపు తీసి, ముందు కిటికీలు బార్లా తెరిచేది. ఆ తరవాతే ఊపిరి పీల్చేది. చేతిరుమాలు మీద రెండు చుక్కలు నీలగిరి తైలం వేసుకుని ముక్కుకి కట్టుకునేది. అది లేకుండా ఆ గదిలో పనిచెయ్యడం ఎవరి వల్లా కాదు. రాత్రంతా మూసి ఉంచిన గదిలో నిన్నటి నడుముల వాసన మాగి, పులిసి, తలుపు తియ్యగానే ఎవరో మసిగుడ్డ తీసి మొహాన కొట్టినట్టుండేది.

యూనివర్సిటీలో వ్యాయామశాల వెనక, వేపచెట్ల వరసని ఆనుకుని ఉన్న రేకుల గది అది. మధ్యలో ఆకుపచ్చ రెక్సిన్ కుట్టిన బల్ల. బల్ల మీదుగా ఒక ఇనపచట్రం. చట్రంలోంచి కిందికి దిగే కడ్డీ, కడ్డీ చివర బొటనవేలంత రబ్బరు తొడుగు. పక్కనే గడియారంలాంటి బిళ్ళ, అందులో ఒంటి ముల్లు. వచ్చిన మనిషిని బోర్లా పడుకోబెట్టాలి. నడుము దగ్గర పూస తడిమి చూసి, దాని మీద కాపీయింగ్ పెన్సిలుతో చుక్క పెట్టాలి. కడ్డీ ఆ చుక్క మీదికి దించి, పైన తూకపు రాళ్ళు ఒక్కొక్కటే వెయ్యాలి. బరువుకి పూస ఎంత లోపలికి దిగిందో ముల్లు చెబుతుంది. కొంచెమే దిగితే బిగువు నడుము, ఎక్కువ దిగితే వదులు నడుము. అంతకన్నా అందులో ఏమీ లేదు.

డాక్టర్ బుచ్చిబాబుగారు మాత్రం అందులోనే అంతా ఉందనేవారు.

"జబ్బు నడుముల మీద పుస్తకాలు గుట్టలున్నాయమ్మా సలోమీ. ఏ జబ్బూ లేని నడుము ఎంత బిగువుగా ఉంటుందో మన దగ్గర ఎవరూ కొలవలేదు. మంచిదెలా ఉంటుందో తెలియకుండా చెడ్డదాన్ని ఎలా పోల్చుకుంటాం చెప్పు?"

అందుకని ఆ బల్ల మీదికి ఆరోగ్యవంతులే రావాలి. నొప్పి ఉన్నవాళ్ళు పనికిరారు. హాస్టలు వంటవాళ్ళు, గుమాస్తాలు, కుస్తీ పట్టే కుర్రాళ్ళు, పంతుళ్ళు, పంతులమ్మలు వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళకి సలోమి కడ్డీ దించేది. మగవాళ్ళకి అటెండరు ఉప్పలయ్య దించి అంకె చెబితే, సలోమి దుప్పటి కట్టిన తడక ఇవతల కూర్చుని రాసుకునేది. తడక మనిషిని ఆపేదిగానీ వాసనని ఆపేది కాదు.

కడ్డీ దిగి రెండో రాయి పడేసరికి నడుములోంచి వాసన వచ్చేది. ఎవరికైనా అంతే. ఆ మనిషి దేని మీదికి వంగి బతుకుతున్నాడో దాని వాసన. హాస్టలు వంటవాడి నడుములోంచి కుళ్ళిన ఉల్లిపొట్టు, తడిసిన గోనెసంచి. గుమాస్తా నడుములోంచి పాసిపోయిన మైదా జిగురు, ఎలుక పెంటికలు. పిల్లల తల్లులైతే చెప్పనక్కర్లేదు, పాలు విరిగిన కక్కు, ఉచ్చగుడ్డలు. ఒక రీడరుగారు ఇస్త్రీ సూటు విప్పి పడుకుంటే ఎవరివో పాదాల వాసన గుప్పుమంది. అప్పుడే బూట్లలోంచి తీసిన, మేజోళ్ళలో నానిన పాదాలు.

"సారుకు ప్రమోషన్ అయినట్టున్నది," అన్నాడు ఉప్పలయ్య రాయి తీస్తూ.

"నీకెవరు చెప్పారయ్యా? ఇంకా ఆర్డరు రాలేదు," అన్నారు రీడరుగారు సంతోషంగా, బల్ల మీంచే.

వాసన గురించి ఎవరూ వింతపడలేదు. చెరుకు నొక్కితే రసం వచ్చినట్టు నడుము నొక్కితే వాసన వస్తుంది, అందులో అడగడానికేముంది? బుచ్చిబాబుగారి కాయితంలో వయసుకి, ఎత్తుకి, బరువుకి, ముల్లుకి గళ్ళున్నాయి. వాసనకి లేదు. "దాన్ని కొలిచే సాధనం లేదమ్మా," అని ఒకసారి అన్నారు. నెలకో కొత్త సీసా నీలగిరి తైలం మాత్రం మర్చిపోకుండా తెచ్చేవారు.

సలోమికి అసహ్యం. మొదటి వారం ఉన్న అసహ్యం ఏడాదైనా తగ్గలేదు, పెరిగింది. మనుషులు పైకి పౌడరు రాసుకుని, మల్లెలు పెట్టుకుని, లోపల ఇంత మురుగు మోసుకు తిరుగుతారా అనిపించేది. బస్సులో ఎవరైనా ఆనుకుంటే ఒళ్ళు జలదరించేది. అన్నంలో పప్పు కలుపుతుంటే ఆ వంటవాడి గోనెసంచి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది. మెట్రిక్కు లెక్కల్లో తప్పి బడి మానేసింది గానీ ఆమె చదవడం మానలేదు. నర్సు పిన్ని పారేసిన అట్టలేని పుస్తకంలోంచి ఎముకల పేర్లన్నీ తనంతట తనే నేర్చుకుంది. ఆ పుస్తకంలో బొమ్మల వెన్నుపూసలు ఎంత శుభ్రంగా ఉండేవో! తెల్లగా, కడిగి ఆరబెట్టిన పింగాణీ గిన్నెల్లా. వాటిని చూసే ఈ ఉద్యోగంలో చేరింది. తీరా చూస్తే ఇది.

తార్నాకలో రైలుపట్టాలకి దగ్గరగా, రెండు గదుల అద్దె వాటాలో తల్లీ కూతుళ్ళు ఉండేవాళ్ళు. తల్లి కరుణమ్మది గుంటూరు వైపు. సీతాఫల్‌మండిలో మిషన్ బడి పంతులమ్మ. సలోమి ఇంటికి రాగానే పెరట్లోనే ఆపి రెండు చెంబులు కుమ్మరించేది.

"ఇవాళెవరే? చేపలమ్మేవాళ్ళా?"

"సంస్కృతం లెక్చరరు."

"అబ్బో!" అని కరుణమ్మ కొంగుతో ముక్కు మూసుకునేది.

అలాంటి రోజుల్లో వచ్చింది రత్నకుమార్ సంబంధం. రైల్వే ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ చర్చిలోనే పాట ఎత్తుకునేది అతనే. చక్కని గొంతు, మెత్తని మాట. తండ్రి లేడు, తల్లి శాంతమ్మ ఒక్కతే. పెళ్ళిచూపుల్లో సలోమి తలెత్తి చూసింది గానీ మొహం దాకా వెళ్ళలేదు.

"ఏమే, అబ్బాయి మొహం చూశావా లేదా?"

"చొక్కా చూశానమ్మా. ఒక్క ముడత లేదు, ఒక్క మరక లేదు. ఆ కాలరు చూశావా?"

"కాలరుని చేసుకుంటావా?"

"అంత తెల్లగా ఉంటే చేసుకోవచ్చు."

కరుణమ్మ నవ్వింది. సలోమి నవ్వలేదు. నిజంగానే అంది.

ప్రధానం అయింది. వాళ్ళ సంఘంలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. ఫలానా కన్యకకీ ఫలానా యౌవనుడికీ వివాహం నిశ్చయమైంది, దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను, అని పాస్టరు అయ్యగారు పుస్తకంలోంచి తల ఎత్తుతారు. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ కాసేపట్లో ముసలివాళ్ళు దగ్గు తీర్చుకుంటారు, తల్లులు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి వస్తారు. ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పడం ఎవరికీ గుర్తులేదు.

మొదటి ప్రకటన చదివిన ఆదివారమే అయ్యగారు ఇంకో ప్రకటన కూడా చేశారు. యూనివర్సిటీలో డాక్టరుగారికి ఆరోగ్యవంతుల నడుములు కావాలట, సంఘస్థులు సహకరించవలెనని. అది పెద్ద పొరపాటని సలోమికి రెండ్రోజుల్లో తెలిసింది. ఆరోగ్యం లేదని పదిమందిలో అనిపించుకోవడం ఎవరికిష్టం? అందరూ వచ్చారు. కర్ర పట్టుకుని ఒకాయన వచ్చాడు. బల్ల ఎక్కేముందు "నడుం నొప్పేమైనా ఉందాండీ?" అని అడగాలి. అడిగితే, చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటున్న నోళ్ళు కదా, ఒక్కొక్కరూ చేతులు జోడించి "ప్రభువు కృపవల్ల బాగున్నానమ్మా" అనేవారు. అలా అన్నాక ఇంకేం అడుగుతాం? బుచ్చిబాబుగారు హిందువు, ఆయన దాన్ని 'లేదు' కిందే రాయమన్నారు.

ఊపిరితోనూ అదే గొడవ. ముల్లు చూసేటప్పుడు గాలంతా వదిలేసి ఆపాలి, లేకపోతే నడుము ఉన్నదానికన్నా బిగుస్తుంది. వదలమంటే అందరూ గుండెల నిండా పీల్చి బిగపట్టేవాళ్ళు. అందుకని సలోమి ఒక ఉపాయం చేసింది. "అమ్మా అనండి. గాలి అయిపోయేదాకా సాగదీసి అనండి" అనేది. అమ్మా అనడం అందరికీ వచ్చు.

బుధవారం రత్నకుమార్ వచ్చాడు. తడకకి ఇవతల కూర్చున్న సలోమికి చెమటలు పట్టాయి. ఇంకో క్షణంలో అతని లోపలిదేదో బయటికి వచ్చి తన ముక్కుకి తగుల్తుంది. అదేమిటో తెలిశాక దాంతోనే బతకాలి. రుమాలు ఇంకో చుట్టు బిగించింది. మళ్ళీ ఏమనుకుందో, మొత్తానికే విప్పేసింది.

"అమ్మా అను సార్," అన్నాడు ఉప్పలయ్య.

రత్నకుమార్ రాగం ఎత్తుకున్నాడు. పాటగాడి ఊపిరి, ఎంతకీ అయిపోదు. అమ్మా అన్నది గది నిండి, కిటికీలోంచి వేపచెట్ల దాకా వెళ్ళి వచ్చింది. చివరికి ఆగింది. కడ్డీ దిగింది. ఒక రాయి. రెండో రాయి. మూడో రాయి.

ఏమీ రాలేదు.

"ఏం లేదు సార్!" ఉప్పలయ్య వంగి వాసన చూశాడు. "ఉత్త గాలి. కొత్త పళ్ళెం లెక్కున్నడు."

బుచ్చిబాబుగారు లేచి వచ్చి చూశారు. ఇన్నాళ్ళలో ఎన్నడూ లేనిది. "శుభ్రమైన అలవాట్లు," అన్నారు మెచ్చుకోలుగా. ముల్లు చూపించింది మాత్రం మామూలు అంకే. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఆ సాయంత్రం సలోమి పెరట్లో నీళ్ళు పోసుకోలేదు. "అవసరం లేదమ్మా" అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. వాసన దేనివల్ల వస్తుందో ఆమెకి తెలియక కాదు. ఏడాదిగా అదే పని. కానీ వాసన లేకపోవడం దేనివల్లో ఆ పూట ఆలోచించబుద్ధి కాలేదు. ప్రపంచమంతా కంపు కొడుతుంటే తనకి మాత్రం పింగాణీ గిన్నెలాంటి మనిషి దొరికాడు. రెండో ఆదివారం ప్రకటన చదివి అయ్యగారు తల ఎత్తినప్పుడు ఆమె కూడా హాయిగా దగ్గింది.

మంగళవారం శాంతమ్మ వచ్చింది.

చిన్న మనిషి. అరవై ఉండవు గానీ నడుము దగ్గర కొంచెం ముందుకి వాలి, ఏదో కిందపడినదాన్ని వెతుకుతున్నట్టు నడుస్తుంది. కోడలు కాబోయే పిల్ల పనిచేసే చోటు చూడాలని సరదాపడి వచ్చింది.

"నడుం నొప్పేమైనా ఉందా అత్తయ్యగారూ?"

"ప్రభువు కృపవల్ల బాగున్నాను తల్లీ." బల్ల మీద బోర్లా పడుకోగానే రెక్సిన్‌కి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. "అబ్బ, పట్టపగలు ఇలా నడుం వాల్చి ఎన్నేళ్ళయిందో! కొలవడం నెమ్మదిగా కొలువమ్మాయ్, తొందరేం లేదు."

"అమ్మా అనండి, గాలి అయిపోయేదాకా."

"మా అమ్మ ఎప్పుడో పోయింది. నాయనా అంటాలే, అలవాటు." అని "నాయనా" అంది. ఆ గాలి ఇంతలోనే అయిపోయింది.

సలోమి రాయి వేసింది. రెండో రాయి వెయ్యబోతుండగానే వచ్చింది వాసన. రుమాలు, నీలగిరి ఏదీ అడ్డం రాలేదు. ముందు చంటిబిడ్డ వాసనలు, అవి ఏ తల్లికైనా ఉండేవే. తరవాత టైఫాయిడ్ వాంతులు. ఆ తరవాత ఆగాలి కదా, ఆగలేదు. మేజోళ్ళు. మగవాడి బనీను చంకల చెమట. బూటు పాలిషు. గడ్డం గీసుకుని వదిలేసిన గిన్నెలో తేలే సబ్బునురగ, అందులో వెంట్రుకలు. తిని చెయ్యి కడుక్కున్న కంచం. జలుబు చేసి మంచం కింద పారేసిన రుమాళ్ళు. గంజి, నీలిమందు, కాలరు మీద జిడ్డు, కాలరు మీద జిడ్డు, కాలరు మీద జిడ్డు. అన్నిటి మీదా ఒకటే తలనూనె. తియ్యగా, మల్లెపూల సెంటు కలిపిన ఖరీదైన పోమేడు.

ఆ పోమేడు ఆమెకి తెలుసు. ప్రధానం రోజు పక్కన నిలబడింది కదా.

"ఏం తల్లీ, వాసనొస్తోందా?" అంది శాంతమ్మ కళ్ళు తెరవకుండా.

"వస్తోందండి."

"వస్తది మరి, ఇల్లాలి నడుం కదా. మావాడిది ఉత్త గాలేనటగా! ఉప్పలయ్య చెప్పాడట, మావాడు అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాడు." నవ్వింది. "వాణ్ణి పూచికపుల్ల వంచి తియ్యనివ్వలేదమ్మా నేను. తండ్రి లేని పిల్లాడని. ఇప్పటికీ చొక్కా గుండీలు నేనే పెడతాను, నవ్వుకోకు. నువ్వొస్తావు కదా, ఇక నీకప్పజెప్పి ఈ బల్ల మీదికే వచ్చి పడుకుంటా."

సలోమి ముల్లు చూసింది. తల్లి అంకె, కొడుకు అంకె ఒక్కటే.

"వంశం!" అన్నారు బుచ్చిబాబుగారు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని. "చూశావా, బిగువు కూడా వంశాన్నిబట్టి వస్తుంది."

సలోమి బయటికి వచ్చి వేపచెట్టు మొదట్లో కక్కుకుంది. ఇన్నాళ్ళూ కక్కనిది. వచ్చిన అసహ్యం శాంతమ్మ మీద కాదని ఆమెకి అప్పుడే తెలిసింది. పింగాణీ గిన్నె ఎంత తెల్లగా ఉంటుందో చూసింది గానీ, దాన్ని తోమిన చెయ్యి ఎక్కడుందో ఏనాడూ చూడలేదు.

అయినా పెళ్ళి తప్పించుకోవాలని ఇంకా అనుకోలేదు. పెళ్ళయ్యాక మార్చుకోవచ్చు, చెబితే వింటాడు, చెడ్డవాడు కాదు. నిజంగానే చెడ్డవాడు కాదు. శుక్రవారం సాయంత్రం వర్షంలో ఆమెని ఇంటిదాకా దిగబెడదామని యూనివర్సిటీకి వచ్చాడు. ఒకటే గొడుగు. తెరిచి ఆమె చేతికిచ్చి, ఆమె పట్టుకుంటే దాని కింద నడిచాడు.

"ఆదివారం పాట నీకోసం ఎంచాను సలోమీ. వింటావుగా?"

"వింటానండి."

తార్నాక చౌరస్తా దగ్గర డబుల్ డెక్కరు నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. అతను పక్కకి జరిగేసరికి చంకలోని పాటల పుస్తకం జారి బురదలో పడింది. అతను ఆగాడు. పుస్తకం వైపు చూశాడు. కోపం లేదు, విసుగు లేదు. వాన ఎప్పుడు ఆగుతుందా అని ఆకాశం వైపు చూసేవాళ్ళలా, అంత నెమ్మదిగా చూస్తూ నిలబడ్డాడు.

సలోమి చూస్తూనే ఉంది, తియ్యకూడదు అనుకుంటూనే ఉంది. కానీ పుస్తకం అప్పటికే ఆమె చేతిలో ఉంది. తనే చీరకొంగుతో అట్ట తుడుస్తోంది.

"మీరెందుకు తియ్యలేదు?"

"ఏది?"

"పుస్తకం."

రత్నకుమార్ ఆమె మొహంలోకి అమాయకంగా చూశాడు. "నువ్వు తీశావుగా," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం బుచ్చిబాబుగారు, ఉప్పలయ్య భోజనాలకి వెళ్ళాక, గది ఊడ్చే బాలలక్ష్మిని సలోమి లోపలికి పిలిచింది. తలుపు వేసి తనే బల్ల ఎక్కి బోర్లా పడుకుంది. ఏడాదిలో ఎన్నడూ ఎక్కలేదు. రెక్సిన్ జిగటగా, ఊరందరి చెమటతో, చెంపకి అంటుకుంది.

"ఆ కడ్డీ దించు బాలలక్ష్మీ. నడుం మీద. ఊఁ, అక్కడే. ఇక రాళ్ళు వెయ్యి."

"నాకెందుకు బిడ్డా గీ పని! సారు జూస్తే ఊకుంటడా?"

"సారుకి చెప్పను. వెయ్యి. ముల్లు చూడక్కర్లేదు, వాసన చూసి చెప్పు. నా నడుం వాసన నాకు తెలియదు, ముక్కు చచ్చిపోయింది."

బాలలక్ష్మి రాయి వేసింది. ఇంకోటి వేసింది. సలోమి "అమ్మా" అంది, గాలి అయిపోయేదాకా. అప్పుడు వంగి, కొంగు తొలగించి, పీల్చింది బాలలక్ష్మి.

"గ్యాసునూనె దీపం వాసన. పుస్తకాలు సదువుతవు గదా, గదే. సుద్దముక్కల పొడి, మీ అమ్మది. గీ ముసలామెలయి, పోరగాళ్ళయి, ఊరందరి నడుముల కంపు ఉన్నది, గది ఉండకుంటే ఎట్ల?" ఆగింది. మళ్ళీ పీల్చింది. "గానీ ఏంది బిడ్డా, గీ పైన ఉన్నది?"

"ఏంటది?"

"మగోని తలనూనె. మల్లెపూల సెంటు. పచ్చిగనే ఉన్నది, నిన్న మొన్నటిదే." బాలలక్ష్మి రాళ్ళు తీసేస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెండ్లి గూడ కాలే. గప్పుడే షురూ అయిందా?"

సలోమి లేవలేదు. బాలలక్ష్మి ఊడ్చుకుని వెళ్ళిపోయినా చాలాసేపు అలాగే బోర్లా పడి ఉంది. ఒక్క పుస్తకం, ఒక్కసారి వంగింది. దానికే ఇంత. ముప్ఫై ఏళ్ళ తరవాత ఎవరో ఒక పిల్ల తన నడుము నొక్కి, ముక్కు మూసుకుని, వేపచెట్టు దగ్గరికి పరిగెత్తడం కళ్ళకి కట్టింది. "ప్రభువు కృపవల్ల బాగున్నాను" అని తన గొంతు తనకే వినపడింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. ముందు వరసలో సలోమికి ఒకవైపు కరుణమ్మ, ఇంకోవైపు శాంతమ్మ. ఎదురుగా రత్నకుమార్, చేతిలో పాటల పుస్తకం. బురదలో పడిన అట్టకి కొత్త కాయితం వేసి ఉంది. ఎవరు వేశారో సలోమి అడగలేదు.

అయ్యగారు మూడోసారి పేర్లు చదివారు. "దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను." తల ఎత్తారు. దగ్గులు మొదలయ్యాయి. వెనక ఎవరో తల్లి పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి బయల్దేరింది.

సలోమి లేచి నిలబడింది.

అయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కూర్చో సలోమీ. నువ్వు పెళ్ళికూతురివమ్మా. మేం అడిగేది మిగతావాళ్ళని."

"మిగతావాళ్ళకి లేదయ్యగారూ. నాకుంది."

బయటికి బయల్దేరిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. కరుణమ్మ కూతురి చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది. "కూర్చోవే! పరువు తీస్తావా?" సలోమి కూర్చోలేదు.

"ఏమిటమ్మా నీ అభ్యంతరం?"

"ఆయన నడుము నొక్కితే ఏ వాసనా రాలేదండి."

మగవాళ్ళ వైపు గుసగుసలు. "మంచిదేగా? ఆ మాత్రం దానికా?" అన్నాడొకాయన పైకే. ఆడవాళ్ళ వైపు మాత్రం మూడో వరసలోంచి ముసలి భారతమ్మ, ఎవరికో పెద్ద జబ్బని విన్నట్టు, "అయ్యో!" అంది. ఆ వెనక ఇంకొకామె అంది. ఆ అయ్యో అలా వరస తరవాత వరస వెనక్కి పోయింది.

"ఆయనది రాకుండా ఎక్కడికి పోతుందయ్యగారూ," అంది సలోమి, "అత్తయ్యగారి నడుములో ఉంది. శుక్రవారం నుంచీ నా నడుములో కూడా ఉంది."

శాంతమ్మ తల దించుకుని తన చేతుల వంక చూసుకుంటోంది. గుండీలు పెట్టే చేతులు. కరుణమ్మ పట్టుకున్న కుచ్చిళ్ళు వదిలేసింది.

అయ్యగారు పుస్తకం మూశారు. తెరిచారు. అలాంటప్పుడు ఏం చదవాలో అందులో రాసిలేదు. ఏమీ తోచనప్పుడు ఎవరైనా చేసే పనే చేశారు. "పాట పాడుకుందాం," అన్నారు.

రత్నకుమార్ ఎర్రబడిన మొహంతో పుస్తకం తెరవబోయాడు. పుస్తకం జారింది. రెండు వైపులకీ మధ్యనున్న దారిలో, చాప మీద, బోర్లా పడింది. అతను ఆగాడు. పుస్తకం వైపు చూశాడు.

అందరూ చూశారు. ఆడవాళ్ళ వైపు చాలా నడుములు అలవాటుకొద్దీ కదిలి, ఎక్కడివక్కడ ఆగిపోయాయి. శాంతమ్మది మాత్రం ఆగలేదు. ఆమె అప్పటికే సగం లేచింది, చెయ్యి సగం చాచింది. సలోమి ఆమెని పట్టుకోలేదు. శాంతమ్మ ఆ సగంలోనే నిలబడి కొడుకు వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది, పక్కనున్న పిల్ల వైపు చూసింది. తరవాత చెయ్యి వెనక్కి తీసి నడుము మీద పెట్టుకుని, నెమ్మదిగా మళ్ళీ కూర్చుంది.

"నాకు నడుం నొప్పిగా ఉంది నాయనా," అంది.

చర్చిలో అందరికీ వినపడింది. సోమవారం బుచ్చిబాబుగారు ఆరోగ్యవంతుల్లోంచి ఒక అంకె కొట్టేసుకోవలసి వచ్చింది. ఆ వారంలో అలాంటివి ఇంకా చాలా కొట్టేశారు.

పాట మొదలవలేదు. అయ్యగారు ఎదురుచూస్తున్నారు. చాలాసేపటికి రత్నకుమార్ మోకాళ్ళు వంచాలో, నడుము వంచాలో తెలియనట్టు, ముందు ఒకటి వంచి, అది కాదని రెండోది వంచి, ముడత లేని చొక్కా వీపు మీద పటపటమంటుండగా, కిందికి దిగడం మొదలుపెట్టాడు.

కరుణమ్మ అలవాటుకొద్దీ కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.